అలన్ బ్లమ్‌లైన్

అలన్ డోవర్ బ్లమ్‌లైన్ (జూన్ 29, 1903 - జూన్ 7, 1942) ఇంగ్లండుకు చెందిన ప్రముఖ ఎలక్ట్రానిక్స్ ఇంజనీరు, స్టీరియో ధ్వని పద్ధతిని రూపొందించిన ఆవిష్కర్త. టెలిఫోను, ధ్వని ముద్రణ, టెలివిజన్, రాడార్ రంగాలలో కృషి చేసి, 38 సంవత్సరాల జీవిత కాలంలోనే 128 పేటెంట్లు గడించాడు. నేడు లాప్‌టాప్‌ను ఇంటిలోని స్టీరియోకు కలిపి పాటలు వినేవారు ఎడమకొకటి, కుడికొకటి చొప్పున రెండు తీగలు తగిలిస్తారు. ఆ రెండింటి వెనుక ఉన్న సూత్రం ఈయన 1931లో దాఖలు చేసిన పేటెంటులో వివరంగా ఉంది. అయితే ఆ పద్ధతిలో తయారైన రికార్డు అంగడికి రావడం చూడకుండానే ఈయన కన్నుమూశాడు.

బాల్యము, విద్య

బ్లమ్‌లైన్ లండన్ నగరంలోని హాంప్‌స్టెడ్‌లో జన్మించాడు. తండ్రి సెమ్మీ బ్లమ్‌లైన్ జర్మనీలో పుట్టి బ్రిటిషు పౌరసత్వం పొందినవాడు. తల్లి జెస్సీ డోవర్, దక్షిణాఫ్రికాలో పనిచేసిన స్కాట్లండు మిషనరీ విలియం డోవర్ కుమార్తె. ఏడేళ్ళ వయసులో ఇంటి తలుపు గంటను బాగుచేసి, తన పేరు క్రింద ఎలక్ట్రికల్ ఇంజనీరు అని వ్రాసుకుని తండ్రికి బిల్లు ఇచ్చాడని ప్రసిద్ధి. పన్నెండేళ్ళ వరకు ధారాళంగా చదవడం రాలేదని, లెక్కలలో మాత్రం అప్పటికే వర్గ సమీకరణాల దాకా వెళ్ళాడని కుటుంబ సభ్యులు చెప్పేవారు. హైగేట్ పాఠశాలలో చదివి, 1921లో ఉపకార వేతనంతో సిటీ అండ్ గిల్డ్స్ కళాశాలలో చేరి, 1923లో ప్రథమ శ్రేణిలో పట్టభద్రుడయ్యాడు.

ఉద్యోగ జీవితము

1924లో ఇంటర్నేషనల్ వెస్టర్న్ ఎలక్ట్రిక్ సంస్థలో ఉద్యోగానికి కుదిరాడు. తరువాత ఇది స్టాండర్డ్ టెలిఫోన్స్ అండ్ కేబుల్స్‌గా పేరు మార్చుకుంది. దూరప్రాంత టెలిఫోను తీగలలో ఒక లైనులోని మాటలు పక్క లైనులో వినబడే దోషాన్ని తగ్గించే మార్గాలు కనుగొన్నాడు.

1929లో కొలంబియా గ్రాఫోఫోను కంపెనీకి మారాడు. ఆ రోజులలో విద్యుత్తు సహాయంతో రికార్డు చెక్కే యంత్రానికి పేటెంటు హక్కులు అమెరికా వారివి. ప్రతి రికార్డుకు వారికి రుసుము కట్టవలసి వచ్చేది. ఆ హక్కులకు లోబడని వేరొక యంత్రాన్ని తయారు చేయడం బ్లమ్‌లైన్‌కు అప్పగించిన మొదటి పని. ఈయన తీగచుట్ట కదలికతో పనిచేసే కొత్త యంత్రాన్ని సహోద్యోగి హోల్మన్‌తో కలిసి నిర్మించాడు. 1931లో కొలంబియా, గ్రామఫోన్ కంపెనీలు కలిసి ఇ.ఎం.ఐ. సంస్థ ఏర్పడింది. లండన్ సమీపంలోని హేస్‌లో ఉన్న దాని పరిశోధనాలయంలోనే ఈయన మిగిలిన జీవితమంతా పనిచేశాడు.

స్టీరియో ఆవిష్కరణ

1931లో తనకు కాబోయే భార్య డోరీన్ లేన్‌తో కలిసి సినిమాకు వెళ్ళినపుడు ఈయనకు ఈ ఆలోచన కలిగిందని చెబుతారు. తెరపై మనిషి ఒక చివర నుండి మరొక చివరకు నడిచినా, మాట మాత్రం ఒకే చోటనున్న స్పీకరు నుండి వస్తున్నది. మనిషి ఎక్కడుంటే మాట అక్కడి నుండే వినబడేటట్లు చేయవచ్చునని ఈయన తలచాడు.

మనకు రెండు చెవులు ఉండడం వలన శబ్దం ఏ దిక్కు నుండి వచ్చిందో గుర్తిస్తాము. కుడి వైపు శబ్దం కుడి చెవికి కొంచెం ముందుగా, కొంచెం గట్టిగా చేరుతుంది. ఈ స్వల్ప భేదాన్ని రెండు మైకులతో పట్టి, రెండు వేరు మార్గాలలో నడిపి, రెండు స్పీకర్ల ద్వారా తిరిగి సృష్టించడమే బ్లమ్‌లైన్ పద్ధతి. 1931 డిసెంబరు 14న దాఖలు చేసిన ఈ పేటెంటు (సంఖ్య 394325) 1933 జూన్‌లో ఆమోదం పొందింది. ఇందులో 70 అంశాలపై హక్కు కోరబడింది. వానిలో ముఖ్యమైనవి రెండు.

మొదటిది మైకుల అమరిక. ముందు వెనుకల శబ్దాన్ని గ్రహించే రెండు మైకులను ఒకేచోట, ఒకదానికొకటి 90 డిగ్రీల కోణంలో ఉంచే ఈ విధానాన్ని నేటికీ బ్లమ్‌లైన్ జంట అంటారు.

రెండవది గ్రామఫోను ప్లేటు మీది గాడి. ఒకే గాడిలో రెండు శబ్దాలను ఇమడ్చడం పెద్ద చిక్కు. గాడికి ఆంగ్లాక్షరం వి ఆకారంలో రెండు వాలు గోడలు ఉంటాయి. ఒక్కొక్క గోడ ప్లేటుకు 45 డిగ్రీల వాలులో ఉండగా, ఒక గోడపై ఎడమ శబ్దాన్ని, మరొక గోడపై కుడి శబ్దాన్ని చెక్కవచ్చునని ఈయన చూపించాడు. ముల్లు ఒక్కటే అయినా దాని కదలిక నుండి రెండు శబ్దాలూ విడివిడిగా లభిస్తాయి.

1934 జనవరిలో లండన్‌లోని ఆబీ రోడ్ స్టూడియోలో థామస్ బీచమ్ నిర్వహణలో మొజార్ట్ జూపిటర్ సింఫనీ సాధన జరుగుతుండగా ఈయన స్టీరియోలో ముద్రించాడు. 1935లో హేస్ రైల్వే స్టేషనులో రైళ్ళ రాకపోకలను స్టీరియో ధ్వనితో చిత్రీకరించాడు. ఈ ముద్రణలు నేటికీ భద్రంగా ఉన్నాయి. అదే కాలంలో అమెరికాలోని బెల్ పరిశోధనాలయం వారు కూడా స్వతంత్రంగా ఇటువంటి ప్రయోగాలు చేశారు.

ఇంత జరిగినా ఈ పద్ధతి ప్రజలకు చేరలేదు. శ్రోత రెండు స్పీకర్లు, కొత్త యంత్రం కొనవలసి ఉండగా, అది తీవ్రమైన ఆర్థిక మాంద్యపు కాలం. పైగా సంస్థ తన ఇంజనీర్లను టెలివిజన్ వైపు మళ్ళించింది.

టెలివిజన్, రాడార్

ఐజాక్ షోన్‌బెర్గ్ నాయకత్వంలో 405 గీతల టెలివిజన్ పద్ధతిని రూపొందించిన బృందంలో బ్లమ్‌లైన్ ప్రముఖుడు. 1936 నవంబరు 2న బి.బి.సి. ప్రారంభించిన ప్రసారాలలో ఇది బెయిర్డ్ పద్ధతితో పోటీపడి, 1937లో విజయం సాధించింది. బ్రిటన్‌లో 1985 వరకు ఈ పద్ధతి వాడుకలో ఉంది.

రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో ఈయన విమానాల రాడార్ పనిలో చేరాడు. చీకటిలోను, మబ్బులలోను క్రింది నేలను తెరపై చూపే హెచ్‌2ఎస్ అనే రాడార్‌ను పరీక్షించడానికి 1942 జూన్ 7న హాలిఫాక్స్ విమానంలో బయలుదేరాడు. ఇంజను లోపం వలన మంటలు చెలరేగి, ఆ విమానం హియర్‌ఫర్డ్‌షైర్‌లోని వెల్ష్ బిక్నర్ వద్ద కూలిపోయింది. అందులోని 11 మంది మరణించారు. బ్లమ్‌లైన్‌తో పాటు ఇ.ఎం.ఐ. సహోద్యోగులు సెసిల్ బ్రౌన్, ఫ్రాంక్ బ్లైథెన్ కూడా వారిలో ఉన్నారు. యుద్ధ రహస్యం కావడం వలన ఈయన మరణ వివరాలను వెల్లడి కానివ్వలేదు. ఆ రాడార్‌ను 1943 జనవరి నుండి యుద్ధంలో ఉపయోగించారు. ఈయనకు భార్య, ఇద్దరు కుమారులు.

మరణానంతరము

స్టీరియో ఎల్.పి. రికార్డులు 1957-58 ప్రాంతంలో అంగడికి వచ్చాయి. 45 డిగ్రీల గాడినే ప్రపంచమంతటా ప్రమాణంగా స్వీకరించారు. అప్పటికి బ్లమ్‌లైన్ పేటెంటు గడువు ముగిసిపోయింది. ఈయన జీవిత చరిత్రలు 1999, 2000 సంవత్సరాలలో గ్రంథ రూపంలో వెలువడ్డాయి. 2017లో ధ్వని ముద్రణ రంగానికి చేసిన సేవకు సాంకేతిక గ్రామీ పురస్కారం ప్రకటించారు.

తెలుగువారితో సంబంధము

తెలుగు శ్రోతలకు చిరపరిచితమైన కుక్క బొమ్మ రికార్డులు ఇ.ఎం.ఐ. కుటుంబానికి చెందినవే. గ్రామఫోన్ కంపెనీ 1908లో కలకత్తాలో రికార్డుల కర్మాగారం నెలకొల్పింది. తరువాత అది డమ్‌డమ్‌కు మారింది. ఘంటసాల గానం చేసిన భగవద్గీత ఈ ముద్రతోనే తెలుగు ఇండ్లలో మారుమోగింది. తెలుగు సినిమాలలో ఆరు ట్రాకుల స్టీరియో ధ్వనితో వచ్చిన తొలి 70 ఎం.ఎం. చిత్రం సింహాసనం 1986లో విడుదలయింది. తెరపై మనిషి ఉన్న చోటి నుండే మాట రావాలన్న 1931 నాటి కోరిక తెలుగు ప్రేక్షకునికి అలా అనుభవంలోకి వచ్చింది.

లాప్‌టాప్ నుండి స్టీరియోకు

ఉదయగిరి, సీతారామపురం వంటి నెల్లూరు జిల్లా మెట్ట ప్రాంతపు ఊళ్ళలోనైనా, లండన్‌లోనైనా లాప్‌టాప్‌ను స్టీరియోకు కలిపే విధానం ఒక్కటే. లాప్‌టాప్ అంకెల రూపంలో ఉన్న పాటను విద్యుత్ తరంగాలుగా మార్చి, ఇయర్‌ఫోను రంధ్రం ద్వారా అందిస్తుంది. అందులో పెట్టే 3.5 మిల్లీమీటర్ల పిన్ను మీద నల్లని గీతలు కనిపిస్తాయి. రెండు గీతలున్న పిన్నులో కొన ఎడమ శబ్దానికి, మధ్య భాగం కుడి శబ్దానికి, అడుగు భాగం రెండింటికీ ఉమ్మడిగా పనిచేస్తాయి. తీగ రెండవ చివర తెల్ల పిన్ను ఎడమకు, ఎర్ర పిన్ను కుడికి చెందుతాయి. వీటిని స్టీరియో వెనుక ఆక్స్ లేదా లైన్ ఇన్ అని వ్రాసి ఉన్న చోట పెట్టాలి. ఫోనో అని ఉన్న చోట పెట్టరాదు. అది గ్రామఫోను ముల్లు నుండి వచ్చే బలహీనమైన సంకేతానికి ఉద్దేశించినది కనుక అక్కడ పాట చెదిరి వినబడుతుంది. రెండు పిన్నులు తారుమారైతే ఎడమన ఉండవలసిన వాద్యం కుడి నుండి పలుకుతుంది. ఒకటి ఊడిపోతే పాటలో సగం మాత్రమే చేరుతుంది. తీగ లేకుండా బ్లూటూత్ ద్వారా కలిపినా ఎడమ, కుడి శబ్దాలు వేరువేరుగానే ప్రయాణిస్తాయి. గ్రామఫోను గాడి స్థానంలో అంకెలు వచ్చినా, బ్లమ్‌లైన్ విడదీసిన ఆ రెండు మార్గాలు నేటికీ అలాగే ఉన్నాయి.