టెన్నిసు రాణి డొరోతియా ఛేంబర్స్

లండను నగరమునకు పశ్చిమమున ఈలింగ్ అను ప్రాంతము కలదు. అచ్చటి మతాచార్యుడగు డగ్లస్‌కు 1878వ సంవత్సరము సెప్టెంబరు 3వ తేదీన ఒక కుమార్తె జన్మించెను. ఆమెయే డొరోతియా. బాల్యమున టెన్నిసు బంతిని ఇటుకగోడకు కొట్టుచు ఆడుట ఆమెకు మిక్కిలి ప్రియమైన వినోదము. తన బొమ్మలే ఆమెకు ప్రేక్షకులు. ఎన్నిమారులు కొట్టినను గోడ బంతిని తిరిగి పంపుచునే యుండును. ఆ అలుపెరుగని గుణమే తరువాత ఆమె ఆటకు ప్రాణమయ్యెను.

ఆ కాలమున స్త్రీలు చీలమండలదాక వ్రేలాడు దుస్తులు ధరించి ఆడవలసియుండెను. అట్టి ఇబ్బందులలోనే డొరోతియా 1903వ సంవత్సరమున సుప్రసిద్ధమైన వింబుల్డన్ పోటీలో ప్రథమ విజయమును సాధించెను. 1907లో ఆమె రాబర్ట్ లాంబర్ట్ ఛేంబర్స్‌ను వివాహమాడెను. 1908లో లండనునందు జరిగిన ఒలింపిక్ క్రీడలలో స్వర్ణపతకమును పొందెను. ఇరువురు కుమారులకు తల్లియయ్యు ఆమె ఆటను విడువలేదు. 1911 తుదిపోటీలో ప్రత్యర్థికి ఒక్క గేమైనను ఈయక గెలిచెను. 1914 నాటికి ఆమె వింబుల్డన్ విజయములు ఏడయ్యెను. వానిలో నాలుగు వివాహానంతరము లభించినవే.

అంతలో ప్రపంచయుద్ధము సంభవించి, నాలుగేండ్లు వింబుల్డన్ పోటీలు నిలిచిపోయెను. 1919లో అవి మరల ఆరంభమైనపుడు డొరోతియాకు నలువదియేండ్లు. తుదిపోటీలో ఆమె నెదుర్కొన్న ఫ్రెంచి యువతి సుజాన్ లెంగ్లెన్‌కు ఇరువదియేండ్లు మాత్రమే. అయిదవ జార్జి చక్రవర్తియు మేరీ రాణియు ఆ పోటీని తిలకించిరి. మొదటి సెట్టు 10-8తో లెంగ్లెన్‌కు దక్కెను. రెండవది 6-4తో డొరోతియా గైకొనెను. మూడవ సెట్టులో 4-1తో వెనుకబడియు ఆమె ధైర్యము కోల్పోక పుంజుకొని, 6-5తో ముందునకు వచ్చెను. ఒక్క పాయింటు చిక్కిన విజయము ఆమెదే. అట్టి అవకాశము రెండుమారులు వచ్చెను, రెండుమారులును చేజారెను. ఒకమారు లెంగ్లెన్ రాకెట్టు అంచునకు తగిలిన బంతి వలపై తాకి, డొరోతియా వైపుననే జారిపడెను. తుదకు 9-7తో లెంగ్లెన్ జయించెను. అంతయు కలిపి నలువదినాలుగు గేములు జరిగెను.

అంత చేరువకు వచ్చి ఓడినవారు పలువురు ఆటను విడుతురు. డొరోతియా అట్లు చేయలేదు. మరుసటి యేడు మరల తుదిపోటీకి చేరి, మరల ఓడెను. 1925లో నలువదియారేండ్ల వయస్సున బ్రిటన్ పక్షమున అమెరికాకు వెళ్లి, వైట్‌మన్ కప్పు పోటీలో తనకంటె చిన్నదగు ప్రత్యర్థిని ఓడించెను. ఆ యేడు కప్పు బ్రిటన్‌కే దక్కెను. 1928 నుండి ఆమె శిక్షకురాలై ఇతరులకు ఆట నేర్పెను. 1960వ సంవత్సరము జనవరి 7వ తేదీన పరమపదించెను.

వింబుల్డన్ సింగిల్సులో ఏడుమారులు గెలిచిన బ్రిటిషు వనిత ఆమె యొక్కతెయే. అయినను లోకము ఆమెను స్మరించునపుడు ఆ యేడు విజయములతోపాటు 1919 నాటి ఓటమిని కూడ గౌరవముతో తలచుకొనును. శక్తి కొలది పోరాడి ఓడుట సిగ్గుపడదగిన విషయము కాదనుటకు ఆమె జీవితమే తార్కాణము.