హకీం అజ్మల్ ఖాన్ - సర్పగంధ వేరు

తరతరాలుగా ఢిల్లీలో యునానీ వైద్యం చేసిన షరీఫ్ ఖానీ వంశంలో 1868లో హకీం అజ్మల్ ఖాన్ జన్మించారు. జామియా మిల్లియా తొలి కులపతిగా, 1921 అహమ్మదాబాదు కాంగ్రెస్ అధ్యక్షులుగా ఆయన మన విద్యార్థులకు సుపరిచితులే. సహాయ నిరాకరణ కాలంలో ప్రభుత్వ బిరుదును త్యజించగా, ప్రజలు 'మసీహ్-ఉల్-ముల్క్' అని గౌరవించారు. 'షైదా' అనే కలం పేరుతో కవిత్వమూ చెప్పారు. మేము ఇక్కడ ప్రస్తావించదలచినది ఆయన వైద్యదృష్టిని మాత్రమే.

పూర్వుల మందులను గ్రుడ్డిగా నమ్మడం కాని, పరీక్షింపక త్రోసివేయడం కాని ఆయనకు సమ్మతం కాదు. 1921లో గాంధీజీ ప్రారంభించిన ఢిల్లీ తిబ్బియా కళాశాలలో యునానీ, ఆయుర్వేదాలను ఒకేచోట బోధింపజేశారు. జర్మనీలో చదివిన రసాయన శాస్త్రజ్ఞుడు సలీముజ్జమాన్ సిద్దిఖీని ప్రోత్సహించారు. 1927లో హకీం సాహెబు గతించారు. 1931లో సిద్దిఖీ సర్పగంధ వేరు నుండి ఒక పదార్థాన్ని విడదీసి, దానికి 'అజ్మలీన్' అని నామకరణం చేశారు. గతి తప్పిన గుండెను సరిచేయుటకు వాడిన మందు అది.

ఆ వేరు నుండే 1952లో స్విట్జర్లాండు శాస్త్రజ్ఞులు రిసర్పిన్ తీశారు. రక్తపుపోటుకు దానిని పుచ్చుకొన్న కొందరు తీరని దిగులులో పడిరని వైద్యులు గమనించారు. మెదడులోని సెరొటోనిన్, నారడ్రినలిన్ నిల్వలను ఆ మందు హరిస్తుందని తేలింది. అట్లయితే ఆ నిల్వలను కాపాడే మందు దిగులును తొలగించవలెను గదా!

క్షయకు ఇచ్చిన ఐప్రోనయజిడ్ ఆ పదార్థాలను హరించే ఎంజైమును అణచి రోగులకు హుషారు కలిగించింది. కాని ఆ తరగతి మందులు వాడేవారు మాగిన చీజు తింటే రక్తపుపోటు ప్రాణాంతకంగా పెరిగేది. 1957లో వెలుగుచూచిన ఇమిప్రమిన్, నాడీకణాలు ఆ పదార్థాలను తిరిగి పీల్చుకొనకుండా ఆపింది. నోరెండడం, మలబద్ధం, మోతాదు మించితే గుండెకు ముప్పు. తరువాతి ఫ్లూఆక్సెటిన్ ముఖ్యంగా సెరొటోనిన్‌ను నిలుపుతుంది. గుండెకు భయం తక్కువే గాని వికారం, నిద్రలేమి, దాంపత్యవాంఛ తగ్గడం కలుగవచ్చు. దిగులుకు కారణం ఇదొక్కటే అని నేటి శాస్త్రం అంగీకరించదు. రిసర్పిన్‌పై మోపిన నేరమూ వివాదాస్పదమే.

కూకట్‌పల్లి మందుల దుకాణాలలో దొరికే ఈ మాత్రలు వాడే యువకులు మన తరగతులలోనూ ఉండవచ్చు. గుణం కనబడుటకు కొన్ని వారాలు పడుతుంది. నాలుగు రోజులకే విసిగి మానరాదు, వైద్యునికి చెప్పక హఠాత్తుగా ఆపరాదు. ఇంట్లో పెద్దలెవరైనా వేరుమందే గదా అని సర్పగంధ చూర్ణం వాడుతూ దిగులుగా ఉంటే, ఆ సంగతి కూడా వైద్యునికి తెలుపవలెను.