ఓడ యెక్కకముందు – హడ్సన్ టేలరుగారి సిద్ధపాటు

చదువవలసిన వాక్యభాగము: లూకా 16:1–12



సువార్త నిమిత్తము మొదటిసారి పరదేశమునకు వెళ్లగోరు యౌవనస్థుడు ఏమేమి సిద్ధపరచుకొనవలెను? పాస్‌పోర్టు కావలెను, వీసా కావలెను, టీకాలు వేయించుకొనవలెను, దారిఖర్చు కూడబెట్టుకొనవలెను. ఇవన్నియు అవసరమే. అయితే పెట్టెలో సర్దుకొనుటకు వీలులేనిది ఒకటి కలదు. దానిని ప్రయాణమునకు ముందే, స్వంత ఊరిలోనే, చిన్న చిన్న సంగతులలోనే నేర్చుకొనవలెను. ఆ పాఠమును ఓడ యెక్కకముందే నేర్చుకొనిన ఒక యౌవనస్థుని చరిత్రను ఈ నెల ధ్యానించుదము. చీనాదేశమునకు మిషనెరీగా వెళ్లి లోకమంతట పేరుపొందిన జేమ్స్ హడ్సన్ టేలరుగారే ఆ యౌవనస్థుడు.

ఆయన 1832 మే 21న ఇంగ్లండులోని బార్న్‌స్లీ అను పట్టణమున జన్మించెను. తండ్రి మందుల అంగడి పెట్టుకొని జీవనము చేయుచు, మెతడిస్టు సంఘములో వాక్యము చెప్పుచుండెడివాడు. బిడ్డ పుట్టకముందే తలిదండ్రులు మోకరించి, మగబిడ్డ కలిగినయెడల వాడు చీనాలో ప్రభువు సేవ చేయవలెనని ప్రార్థించిరి. అయితే ఆ సంగతి కుమారునికి ఎన్నడును చెప్పలేదు. ఆయన చీనాకు వెళ్లి, ఏడు సంవత్సరముల తరువాత తిరిగి వచ్చిన పిమ్మటనే దానిని తెలిసికొనెను. బలవంతపెట్టక, ఆశ చూపక, మౌనముగా దేవునికే అప్పగించిన తలిదండ్రులు వారు.

హడ్సన్ పదునైదవ యేట ఒక బ్యాంకులో పనికి కుదిరెను. అచ్చటి స్నేహితుల మాటలవలన ఆయన మనస్సు లోకాశలవైపు మరలెను. కొన్ని నెలలకు కండ్లు బలహీనపడగా ఆ పని విడిచి తండ్రి అంగడికి వచ్చెను. 1849 జూన్ నెలలో ఒక మధ్యాహ్నము తీరికగా నుండి, పొద్దుపుచ్చుటకు ఒక చిన్న కరపత్రమును తీసెను. మొదట నుండు కథ చదివి, చివర నుండు బోధ మానివేయవచ్చునని తలంచెను. కాని క్రీస్తు చేయవలసిన కార్యమంతయు సంపూర్తి చేసి ముగించెనను సంగతి అందులో చదివినప్పుడు, ఇక తాను చేయవలసినది ఆ రక్షణను అంగీకరించుటయే గదా అని గ్రహించి అక్కడనే మోకరించెను. ఆ గడియలోనే ఎంతో దూరమున బంధువుల యింట నున్న ఆయన తల్లి, కుమారుని రక్షణ నిశ్చయమగు వరకు లేవనని తలుపు వేసికొని ప్రార్థించుచుండెను. చెల్లెలు అమీలియా కూడ అన్న మారుమనస్సు పొందువరకు ప్రతిదినము ప్రార్థించుటకు ఒక నెల ముందే తీర్మానము చేసికొని యుండెను.

ఆ సంవత్సరము డిసెంబరులో చీనా నిమిత్తము దేవుడు తన్ను పిలుచుచున్నాడని హడ్సన్‌కు నిశ్చయమాయెను. అప్పటికి ఆయన వయస్సు పదునేడు. చేతిలో ధనము లేదు, గొప్ప చదువు లేదు. చీనానుగూర్చి మెడ్‌హర్స్ట్ అను మిషనెరీ వ్రాసిన పుస్తకమును ఆ ఊరి పాదిరిగారొకరి యొద్ద అడిగి తెచ్చుకొనెను. నీవు అక్కడికి ఏలాగు వెళ్లగలవని ఆ పాదిరిగారు అడుగగా, సంచి గాని జాలె గాని లేకుండ వెళ్లిన శిష్యులవలె వెళ్లెదనని ఆయన బదులు చెప్పెను. పెద్దవాడవైన కొలది నీకు వివేకము వచ్చునని పెద్దాయన దయతోనే చెప్పెను. వయస్సు పెరిగినను ఆ విషయములో హడ్సన్ అభిప్రాయము మాత్రము మారలేదు.

అట్లని ఆయన చేతులు కట్టుకొని కూర్చుండలేదు. చీనా భాష నేర్పు గురువు దొరకలేదు గనుక, చీనా భాషలోని లూకా సువార్తను సంపాదించి, ఇంగ్లీషు వచనములతో పోల్చి చూచి ఒక్కొక్క అక్షరముయొక్క అర్థమును కనిపెట్టుచుండెను. మెత్తని ఈకల పరుపును తీసివేసి, కష్టజీవనమునకు శరీరమును అలవాటు చేసెను. వైద్యము తెలిసిన మిషనెరీ చీనాలో ఎక్కువ మేలు చేయగలడని ఎరిగి, 1851లో హల్ పట్టణమునకు పోయి డాక్టరు రాబర్ట్ హార్డీగారి యొద్ద సహాయకుడుగా చేరెను.

ఇక్కడనే ఆయన సిద్ధపాటులో ముఖ్యమైన పాఠము మొదలాయెను. ఆయన ఈలాగు ఆలోచించెను: చీనాకు వెళ్లిన తరువాత నాకు అవసరము కలిగినప్పుడు అడుగుటకు మనుష్యులెవరును దగ్గర నుండరు. దేవుని మాత్రమే అడుగవలసి యుండును. కావున మనుష్యులతో చెప్పక, ప్రార్థన ద్వారా మాత్రమే దేవుడు వారి హృదయములను కదలించునని ఇంగ్లండు విడువకముందే నేర్చుకొనవలెను. అక్కడ మోయవలసిన బరువును ఇక్కడ ఎత్తి చూడకయే బయలుదేరుట తగదని ఆయన భావించెను.

అందుచేత ఆ ఊరిలో మురుగుకాలువ ప్రక్కనున్న బీదల వీధిలో ఒక చిన్న గది తీసికొని, జావయు అన్నమును తిని బ్రదుకుచు, తన జీతములో ఎక్కువ భాగము బీదలకును ప్రభువు సేవకును ఇచ్చుచుండెను. ఆయన ప్రేమించిన యువతి చీనాకు వచ్చుటకు ఇష్టపడనందున ఆ సంబంధమును ఆ కాలముననే విడువవలసి వచ్చెను. ఆ దుఃఖము చాల రోజులు ఆయనను బాధించెను. పిలుపునకు లోబడువాడు వెల చెల్లించుట ఓడరేవులో మొదలుకాదు.

డాక్టరుగారు మంచివారే గాని మరచిపోవు స్వభావము గలవారు. జీతము ఇచ్చు దినము వచ్చినప్పుడు జ్ఞాపకము చేయుమని ఆయనే హడ్సన్‌తో చెప్పియుండెను. హడ్సన్ మాత్రము ఆయనకు జ్ఞాపకము చేయక, దేవునికే విన్నవించుకొనెదనని తీర్మానించుకొనెను. ఒకసారి గడువు దాటెను, జీతము రాలేదు. చేతిలో అర్ధక్రౌను నాణెము ఒక్కటే, అనగా రెండున్నర షిల్లింగులు మిగిలెను. ఆదివారము రాత్రి పది గంటలవేళ ఒక బీదవాడు వచ్చి, చావునకు సిద్ధముగా నున్న తన భార్యకొరకు ప్రార్థింప రమ్మని బతిమాలెను. వెళ్లి చూడగా చీకటి గదిలో ఆకలితో నున్న పిల్లలు, చింకి పరుపుమీద తల్లి, ఆమె ప్రక్కను పుట్టి రెండు దినములైన కాని పసికందు. నాణెము రెండు మూడు చిల్లర నాణెములుగా నుండినయెడల కొంత ఇచ్చి కొంత ఉంచుకొందును గదా అని హడ్సన్ అనుకొనెను. ఉన్నదంతయు ఇచ్చుటకు ఆయనకు మనస్సు రాలేదు.

పరలోకమందు ప్రేమగల తండ్రి ఉన్నాడని వారిని ఓదార్చబోగా మాటలు గొంతులోనే నిలిచిపోయెను. జేబులో అర్ధక్రౌను లేకుండ నేను ఆ తండ్రిని నమ్మలేను గదా, ఇతరులకు ఏలాగు బోధింతునని మనస్సాక్షి గద్దించెను. ప్రభువు నేర్పిన ప్రార్థన మొదలుపెట్టగా, దేవుని తండ్రీ అని పిలుచుటయే ఆయనకు కష్టమాయెను. ఎట్టకేలకు ప్రార్థన ముగించి లేచినప్పుడు, అడుగువారికి ఇమ్మని ప్రభువు చెప్పిన మాట జ్ఞాపకమునకు వచ్చెను. జేబులో చేయిపెట్టి ఆ నాణెమును ఇచ్చివేసెను. ఇంటికి పోవునప్పుడు జేబువలెనే హృదయమును తేలికయై, ఆ నిర్మానుష్యమైన వీధిలో స్తుతిగీతము పాడుచు నడిచెను. మిగిలిన జావ త్రాగి, ప్రభువా, ఇది నీకిచ్చిన అప్పు, త్వరగా తీర్చనియెడల రేపు మధ్యాహ్నము నాకు భోజనము లేదని ప్రార్థించి పండుకొనెను. మరునాటి ఉదయము పేరులేని ఒక పొట్లము తపాలులో వచ్చెను. అందులో ఒక జత చేతితొడుగులును వాటి నడుమ అర సవరనును ఉండెను. అది పది షిల్లింగులు, ఇచ్చినదానికి నాలుగింతలు. ఆ తల్లి ప్రాణము దక్కెను. తన విశ్వాసమును దక్కెనని హడ్సన్ గ్రహించెను.

కాని పది షిల్లింగులు ఎన్నాళ్లు వచ్చును? రెండు వారములు గడచినను డాక్టరుగారికి జీతముమాట గుర్తురాలేదు. శనివారము ఇంటి యజమానురాలికి అద్దె ఇయ్యవలసి యుండెను. ఆ సాయంకాలము అయిదు గంటలకు డాక్టరుగారు తానుగా జీతము సంగతి అడిగి, అయ్యో, ఉన్న డబ్బంతయు ఇప్పుడే బ్యాంకునకు పంపితినే అని విచారపడెను. హడ్సన్ ఆ మాటకు లోలోపల కుంగిపోయెను గాని పైకి ఏమియు చెప్పక, ఏకాంతముగా ప్రభువు సన్నిధిని మొరపెట్టుకొని సమాధానము పొందెను. రాత్రి పది దాటి దీపములు ఆర్పబోవుచుండగా డాక్టరుగారు నవ్వుచు తిరిగి వచ్చెను. ధనవంతుడైన రోగి ఒకడు ఎన్నడును లేనిది ఆ వేళకు తానే వచ్చి బాకీ చెల్లించెనట! ఆ నోట్లలో కొన్ని హడ్సన్ చేతికి వచ్చెను. ఇక చీనాకు వెళ్లవచ్చునని ఆయన హృదయము ఉప్పొంగెను.

1852 సెప్టెంబరులో వైద్యవిద్య కొరకు లండను చేరెను. తండ్రియు, చీనా ఎవాంజలైజేషన్ సొసైటీవారును ఖర్చు పెట్టుకొందుమని వేరువేరుగా చెప్పినను, ఇద్దరి సహాయమును మర్యాదగా వద్దని, రొట్టెయు నీళ్లును ముఖ్యాహారముగా దినమునకు ఎనిమిది మైళ్లు నడిచి ఆసుపత్రికి వెళ్లివచ్చుచుండెను. ఒకనాడు జ్వరముతో చనిపోయినవాని శవమును కోసి చదువుకొనుచుండగా, అంతకుముందు సూది గుచ్చుకొనిన వ్రేలిద్వారా విషమెక్కెను. వెంటనే ఇంటికి పోయి నీ వ్యవహారములు చక్కబెట్టుకొనుము, నీవు చనిపోయినవానితో సమానమని అచ్చటి వైద్యుడు చెప్పెను. ప్రభువు నాకు చీనాలో పని నియమించియున్నాడు గనుక నేను బ్రదుకుదునని తలంచుచున్నానని హడ్సన్ నెమ్మదిగా చెప్పెను. అనేక వారములు మంచముపట్టియు లేచెను.

1853లో చీనాలో తైపింగు తిరుగుబాటుదారులు నాన్‌కింగు పట్టణమును పట్టుకొనిరి. వారు క్రైస్తవ బోధను కొంత అంగీకరించినవారని విని, దేశము సువార్తకు తెరువబడునని ఇంగ్లండువారు ఆశించిరి. అందుచేత వైద్యపట్టా పుచ్చుకొనకముందే సొసైటీవారు హడ్సన్‌ను పంపిరి. 1853 సెప్టెంబరు 19న లివర్‌పూలులో డంఫ్రీస్ అను చిన్న తెరచాప ఓడ బయలుదేరెను. తల్లి ఓడ గదిలోనికి వచ్చి కుమారుని పడకను తన చేతులతో సర్ది, కలిసి ప్రార్థించి దిగిపోయెను. ఓడ కదలినప్పుడు ఆమె హృదయమునుండి వెలువడిన కేక ఆయనకు కత్తిపోటువలె తగిలెను. దేవుడు లోకమును ప్రేమించి తన కుమారుని ఇచ్చెననగా ఏమో ఆ క్షణమున తనకు తెలిసెనని ఆయన తరువాత చెప్పుచుండెను.

బయలుదేరగానే గొప్ప తుపాను కొట్టి, ఓడ రాతి తీరమున పగులునట్లుండెను. తల్లి కోరిక మీద నీట మునుగకుండ నడుమునకు కట్టుకొను పట్టీ నొకదానిని ఆయన కొనియుండెను. అది దగ్గరనుండగా దేవునియందు సంపూర్ణ నమ్మిక లేనట్లే అని భావించి, దానిని మరియొకరికి ఇచ్చివేసెను. దేవుడు గాలిని మరల్చి ఓడను తప్పించెను. అయితే తాను అట్లు చేయుట సరికాదని ఆయన తరువాత గ్రహించెను. దేవుడిచ్చిన సాధనములను వాడుకొనుచు ఆయననే నమ్మవలెను గాని, సాధనములను పారవేయుట విశ్వాసము కాదు. రోగికి మందు ఇయ్యక ప్రార్థన మాత్రమే చేయు వైద్యుడు ఎట్టివాడో అట్టిదే అదియు. ఈ దిద్దుబాటును కూడ మనము గమనించవలెను.

1854 మార్చి 1న ఆయన షాంఘై చేరెను. వయస్సు ఇరువది ఒకటి. తాను పరిచయ పత్రికలు తెచ్చినవారిలో ఒకరు కొంతకాలము క్రిందటనే జ్వరముతో చనిపోయిరి, ఒకరు అమెరికాకు వెళ్లిపోయిరి. పట్టణములో యుద్ధము జరుగుచుండెను, వస్తువుల ధరలు మండిపోవుచుండెను, సొసైటీనుండి డబ్బు వేళకు వచ్చెడిది కాదు. హల్‌లో నేర్చుకొనిన పాఠము ఇప్పుడు అక్కరకు వచ్చెను. మురుగుకాలువ ప్రక్క గదిలో అద్దె కొరకు ప్రార్థించినవాడు షాంఘైలో దిక్కులేనివాడుగా నిలువలేదు. సొసైటీ అప్పులపాలగుట చూచి 1857లో దానిని విడిచెను గాని, చీనాను విడువలేదు. 1865లో చీనా ఇన్‌లాండ్ మిషనును స్థాపించెను. భార్యను, బిడ్డలలో కొందరిని ఆ దేశపు మట్టిలో పాతిపెట్టవలసి వచ్చెను. 1905 జూన్ 3న చాంగ్‌షాలో ఆయన నిద్రించునాటికి ఆ మిషనులో 800 మందికి పైగా మిషనెరీలు పనిచేయుచుండిరి.

ప్రియులారా, దూరదేశపు పిలుపు తెల్లవారికి మాత్రమే చెందినది కాదు. 1903లో మన తెలుగు బాప్తిస్టులు జాన్ రంగయ్యగారిని దక్షిణాఫ్రికాలోని నాటాలుకు, అక్కడికి కూలిపనికి వెళ్లిన తెలుగువారి మధ్య సేవచేయుటకు పంపిరి. మన సంఘములలోని యౌవనస్థులను నేడును ప్రభువు అట్లు పిలువవచ్చును. కాబట్టి వెళ్లగోరు యౌవనుడా, ఓడ యెక్కినంతనే నీవు క్రొత్త మనుష్యుడవు కావు. ఇక్కడ పొరుగువానికి పది రూపాయలు ఇయ్యలేని చేయి అక్కడ ప్రాణము ఇయ్యలేదు. ఇక్కడ వేకువను మోకరింపని మోకాళ్లు అక్కడ మోకరింపవు. ఇక్కడ భాషయు పనియు శ్రద్ధగా నేర్చుకొననివానికి అక్కడ అవి ఆకాశమునుండి రాలవు. కొంచెములో నమ్మకముగా నుండుటనుగూర్చి ప్రభువు చెప్పినది ఇదే. పంపు తలిదండ్రులారా, సంఘపెద్దలారా, మీ పాలును చిన్నది కాదు. ఆ తల్లివలె మూసిన తలుపుల వెనుక ప్రార్థించుడి, ఆమెవలె రేవున కన్నీటితో చేతులు విడువుడి.

ప్రార్థన: పరలోకపు తండ్రీ, మా యింటిలో, మా వీధిలో, మా జేబులోనున్న చివరి నాణెములో నిన్ను నమ్ముట మాకు నేర్పుము. నీవు పంపగోరినప్పుడు మేము సిద్ధముగా నుండునట్లు ఈ దినమే మమ్మును సిద్ధపరచుము. యేసు నామమున అడుగుచున్నాము, ఆమేన్.