యంత్రానికి మాటలు నేర్పిన లెక్కల టీచరు

కంప్యూటరుకు అంకెల్లోనే కాదు, మనుషుల మాటల్లోనూ పని చెప్పవచ్చని చేసి చూపినవారిలో ముందుగా తలచుకోవలసిన పేరు గ్రేస్ హాపర్. ఆమె వృత్తి కాలేజీలో లెక్కలు చెప్పడం. మన శాంతిపురంలో తెలుగు మీడియంలో చదువుకుని, బెంగళూరులో కంప్యూటర్ల మీద బతికినవాడిగా ఈ స్వర్ణోత్సవ సంచికలో ఆమె గురించి రాయాలనిపించింది.

గ్రేస్ 1906 డిసెంబరు 9న న్యూయార్క్‌లో పుట్టారు. ఏడేళ్ల వయసులో ఇంట్లోని అలారం గడియారాలను వరుసపెట్టి విప్పేస్తే, ఇకపై ఒక్కదానితోనే సరిపెట్టుకోమని తల్లి కట్టడి చేసింది. వాసర్ కాలేజీలో గణితం, భౌతికశాస్త్రం చదివి, అక్కడే పాఠాలు చెబుతూ 1934లో యేల్ విశ్వవిద్యాలయం నుంచి గణితంలో డాక్టరేటు అందుకున్నారు.

రెండో ప్రపంచయుద్ధ కాలంలో నౌకాదళంలో చేరబోతే వయసు ఎక్కువ, బరువు తక్కువ అన్నారు. ఆమె పట్టు వదలక ప్రత్యేక అనుమతితో 1943 చివర్లో చేరారు. మరుసటి ఏడాది హార్వర్డ్‌లోని మార్క్ 1 యంత్రం దగ్గర పని అప్పగించారు. దాని పొడవు 51 అడుగులు. ఏ లెక్క చేయాలన్నా ఒక్కో మెట్టునూ సంకేతాలుగా మార్చి, కాగితపు పట్టీ మీద రంధ్రాలు పొడిచి ఎక్కించాలి.

మళ్లీ మళ్లీ వచ్చే లెక్కల సంకేతాలను అందరూ నోటు పుస్తకాల్లో రాసిపెట్టుకుని, అవసరమైనప్పుడు చూసి ఎక్కించుకునేవారు. అక్కడే తప్పులు దొర్లేవి. చూసి రాసే చాకిరీని యంత్రానికే అప్పగిస్తే పోలేదా అనుకున్నారు గ్రేస్. యూనివాక్ యంత్రం మీద పనిచేస్తూ 1952లో ఎ-0 అనే ప్రోగ్రాం తయారుచేశారు. మనం వరుసగా నంబర్లు ఇస్తే, వాటికి చెందిన ముక్కలను టేపు మీద వెతికి, అతికి, పూర్తి ప్రోగ్రాంగా కూర్చేది. దానికి కంపైలర్ అని పేరు పెట్టారు.

తరువాతి అడుగు ఇంకా పెద్దది. జీతాల పట్టీలు, సరుకు లెక్కలు చూసే గుమాస్తాలకు గణిత సంకేతాలు ఎందుకు, వాళ్లు వాడే మాటల్లోనే ఆజ్ఞలు ఇవ్వనిద్దాం అన్నారామె. ఇంగ్లీషు మాటలతో నడిపి చూపించారు. అంతటితో ఆగక అవే ఆజ్ఞలను ఫ్రెంచిలో, జర్మన్‌లో ఇచ్చి కూడా నడిపించారు. కంపెనీ పెద్దలు బెదిరిపోయారు. అమెరికాలో తయారైన యంత్రానికి పరాయి భాష ఎలా వస్తుందని వారి సందేహం! యంత్రానికి ఏ భాషా రాదు. ఏ మాటకు ఏ పని అన్న పట్టిక ఉంటే దానికి చాలు. పెద్దలకు ఈ సంగతి తలకెక్కించడానికి ఆమెకు నెలలు పట్టింది. చివరికి ఇంగ్లీషు మాత్రమే మిగిలింది.

అలా పుట్టిన ఫ్లో-మ్యాటిక్ పునాదిగానే 1959లో ఒక సంఘం కోబాల్ భాషకు రూపం ఇచ్చింది. ఆ సంఘానికి గ్రేస్ సలహాదారు. నలభై ఏళ్ల తరువాత, సంవత్సరాన్ని రెండంకెల్లోనే రాసుకున్న పాత ప్రోగ్రాంలు 2000 రాగానే తడబడతాయని ప్రపంచమంతా కంగారుపడినప్పుడు, వాటిలో చాలా వరకు కోబాల్‌వే. వాటిని సరిచేసే పనే నాబోటి వాళ్లకు అన్నం పెట్టింది. అంతకు ముందు, నా ఇంగ్లీషు తడబడుతోందని ఒక సంస్థ ఇంటర్వ్యూలోనే వెనక్కి పంపింది. కోబాల్ మాత్రం నన్ను ఏనాడూ ఇంగ్లీషు మాట్లాడమని అడగలేదు. పట్టుమని కొన్ని పదుల మాటలు, సరైన ఆలోచన ఉంటే పని జరిగిపోయేది.

గ్రేస్ 1986లో, 79 ఏళ్ల వయసులో, రియర్ అడ్మిరల్‌గా పదవీ విరమణ చేశారు. ఎంత ఎత్తుకు ఎదిగినా ఆమెలోని టీచరు పోలేదు. సెకనులో వందకోట్లవ వంతు సమయంలో విద్యుత్ సంకేతం మహా అయితే ఎంత దూరం పోగలదో కళ్లకు కట్టేలా, సుమారు 30 సెంటీమీటర్ల తీగముక్కలు సభల్లో పంచేవారు. 1992 జనవరి 1న కన్నుమూశారు.

మన ప్రాంతపు పిల్లలు సంతలో ఒకే బేరాన్ని తెలుగు, తమిళం, కన్నడంలో నెగ్గుకొస్తారు. అదే పిల్లలు, ముఖ్యంగా ఆడపిల్లలు, ఇంగ్లీషు రాదు గనుక కంప్యూటరు తమకు అందదనుకుని వెనకడుగు వేస్తున్నారు. పూర్వ విద్యార్థుల సంఘానికి నా విన్నపం ఒకటే: సెలవుల్లో మన బడి పిల్లలకు ప్రోగ్రామింగు తెలుగులో చెబుదాం. లెక్క తీరు అర్థమైతే ఆజ్ఞల మాటలు వారంలో పట్టుబడతాయి. మొదటి తరగతి తీసుకోవడానికి నేను సిద్ధం.