నేలకు వైద్యం చేసిన బానిస బిడ్డ – జార్జ్ వాషింగ్టన్ కార్వర్

మహాత్మా జ్యోతిరావు ఫూలే 1873లో 'గులాంగిరి' రాసి, బానిసల విముక్తికి పాటుపడిన అమెరికా ప్రజలకు అంకితమిచ్చారని మనలో చాలామందికి తెలుసు. ఆ రోజుల్లోనే ఆ దేశంలో, మిస్సోరీ రాష్ట్రంలోని డైమండ్ అనే పల్లెలో, తొమ్మిది పదేళ్ళ నల్లజాతి పిల్లవాడొకడు బడికి పోయే దారి లేక చెట్లూ చేమల వెంట తిరుగుతున్నాడు. అతనే జార్జ్ కార్వర్. వయసు కచ్చితంగా చెప్పలేము. బానిసల పుట్టినరోజులు ఎవరు రాసిపెట్టారు గనుక! 1864 ప్రాంతంలో పుట్టి ఉంటాడని అంచనా.

తల్లి పేరు మేరీ. మోజెస్ కార్వర్ అనే తెల్ల రైతు ఆమెను 700 డాలర్లకు కొన్నాడు. జార్జ్ పసిగుడ్డుగా ఉన్నప్పుడు దోపిడీదొంగలు తల్లినీ బిడ్డనూ ఎత్తుకుపోయారు. యజమాని వెతకడానికి మనిషిని పంపితే బిడ్డ ఒక్కడే దొరికాడు. తెచ్చిన మనిషికి బహుమానంగా ఒక గుర్రాన్ని ఇచ్చారు. తల్లి జాడ మాత్రం ఎన్నటికీ తెలియలేదు. తండ్రి అంతకుముందే ప్రమాదంలో చనిపోయాడు.

బానిసత్వం రద్దయ్యాక మోజెస్, సుసాన్ దంపతులే అతన్ని పెంచారు. బలహీనమైన పిల్లవాడు కావడంతో పొలం పనికి పంపలేదు. వంట, బట్టలుతకడం, కుట్టుపని నేర్చుకున్నాడు. వాడిపోతున్న మొక్కలను బతికిస్తాడని చుట్టుపక్కల వాళ్ళు మొక్కల డాక్టరని పిలిచేవారు. దగ్గర్లోని బడి తెల్లపిల్లలదే. నల్లపిల్లల బడి కోసం ఇల్లు వదిలి నియోషో పట్టణం చేరాడు. అక్కడ మరియా వాట్కిన్స్ అనే నల్లజాతి తల్లి ఇంట్లో పెట్టుకుంది. ఆమె బట్టలుతికి, పురుళ్ళు పోసి బతికే మనిషి. ఇంటిపనిలో సాయం చేస్తూ చదువుకున్నాడు. తర్వాత కాన్సాస్ రాష్ట్రానికి పోయాడు. 1879లో ఫోర్ట్ స్కాట్‌లో ఒక నల్ల మనిషిని గుంపు చంపడం కళ్ళారా చూసి ఆ ఊరే విడిచిపెట్టాడు. కష్టపడి హైస్కూలు చదివి హైలాండ్ కాలేజీకి దరఖాస్తు పెడితే ఉత్తరంలో సీటిచ్చారు. తీరా గుమ్మం ముందు నిలబడ్డాక రంగు చూసి పొమ్మన్నారు. ఈ అనుభవం వేరే రూపంలో మనకూ కొత్త కాదు.

1890లో అయోవా రాష్ట్రంలోని సింప్సన్ కాలేజీలో చేరింది చిత్రకళ కోసం. పాఠం చెప్పే ఎట్టా బడ్ అనే ఆవిడ, నల్ల మనిషికి బొమ్మలు తిండి పెట్టవని ఆలోచించి, తన తండ్రి పనిచేసే ఏమ్స్ వ్యవసాయ కళాశాలకు వెళ్ళమంది. 1891లో అక్కడ చేరిన తొలి నల్లజాతి విద్యార్థి ఇతనే. మొదట్లో భోజనశాలలో చోటివ్వలేదు, పనివాళ్ళతో కలిసి కింది అంతస్తులో తినమన్నారు. సంగతి తెలిసి ఇండియానోలా ఊరి నుంచి ఒక తెల్ల ఇల్లాలు వచ్చి అతని పక్కన కూర్చుని భోజనం చేసింది. 1894లో డిగ్రీ, 1896లో పీజీ పూర్తయ్యాయి.

ఆ ఏడాదే బుకర్ టి. వాషింగ్టన్ పిలుపుతో అలబామాలోని టస్కీజీ విద్యాలయానికి వెళ్ళారు. ఏమ్స్‌లో ఉంటే సుఖంగా గడిచేది. టస్కీజీలో లేబొరేటరీయే లేదు. చెత్తకుప్పల్లో ఏరిన సీసాలతో పరికరాలు చేసుకున్నారు. చుట్టూ పత్తి, పత్తి, మళ్ళీ పత్తి. ఏళ్ళ తరబడి ఒకే పంట వేసి నేల పీల్చిపిప్పి అయిపోయింది. దున్నేది నల్ల కౌలుదార్లు, భూమి తెల్లవాళ్ళది, అప్పు షావుకారుది.

ఇక్కడ కాస్త సైన్సు చెప్పుకోవాలి. గాలిలో 78 శాతం నత్రజనే. కానీ మొక్క దాన్ని నేరుగా వాడుకోలేదు. అలసంద, వేరుశనగ, సోయాచిక్కుడు వంటి పప్పుజాతి మొక్కల వేళ్ళ మీద బుడిపెలుంటాయి. వాటిలో కాపురముండే బాక్టీరియా గాలిలోని నత్రజనిని మొక్కకు పనికొచ్చేలా మార్చి ఇస్తుంది. బదులుగా మొక్క దానికి చక్కెర పెడుతుంది. బుడిపెను గోటితో చీల్చి చూడండి, లోపల గులాబీ ఎరుపు కనిపిస్తే పని జరుగుతున్నట్టు లెక్క. జర్మనీలో హెల్‌రీగెల్ ఈ సంగతిని 1886లో ప్రకటించాడు. హాలెండ్‌లో బైయరింక్ 1888లో ఆ బాక్టీరియాను వేరుచేశాడు. అంటే కార్వర్ ఏమ్స్ చేరేనాటికి ఇది వేడివేడి విజ్ఞానం. దాన్ని ఆయన ఎరువు కొనలేని రైతు వాకిటికి మోసుకెళ్ళారు.

అలసంద, వేరుశనగల బాక్టీరియా అక్కడి నేలలో సాధారణంగానే ఉండేది. సోయాకు మాత్రం దాని సొంత జోడీ కావాలి. ఆసియా నుంచి వచ్చిన ఆ పంటకు అమెరికా మట్టిలో జోడీ లేదు. అందుకే అంతకుముందు సోయా పండిన చేలో మట్టిని తెచ్చి కొత్త చేలో చల్లేవారు. మన ఆదిలాబాద్ వైపు రైతులు సోయా విత్తనానికి బెల్లంనీళ్ళతో రైజోబియం పొడి పట్టించి నీడన ఆరబెట్టేది కూడా ఇందుకే. ఇంకో సంగతి. గింజలతోపాటు నత్రజనిలో చాలా భాగం చేను దాటిపోతుంది. తీగనూ ఆకునూ తిరిగి దున్నితేనే నేలకు దక్కుతుంది.

పంట మార్పిడి గురించి, అడవిలో ఆకులతో ఎరువు చేసుకోవడం గురించి కార్వర్ తేలిక మాటల్లో 44 చిన్న పుస్తకాలు వేశారు. చదువు రాని వారి కోసం 1906లో గుర్రబ్బండి మీద పనిముట్లు, విత్తనాలు పెట్టి ఊరూరా తిప్పే ఏర్పాటు చేశారు. వేరుశనగ పండిస్తే కొనేదెవరన్న ప్రశ్న వచ్చింది. ఇంట్లోనే తినండని 1916లో 105 రకాల వంటలతో పుస్తకం వేశారు. పీనట్ బటర్ ఆయన కనిపెట్టారని చాలా పుస్తకాల్లో ఉంటుంది, అది నిజం కాదు. ఆయనకున్న పేటెంట్లు మూడే. ఆయన గొప్పతనానికి ఆ కట్టుకథ అక్కర్లేదు.

1921లో వేరుశనగ దిగుమతి సుంకంపై అమెరికా పార్లమెంటు సంఘం ఎదుట మాట్లాడటానికి పది నిమిషాలిచ్చారు. ఒక సభ్యుడు జాతిని ఎగతాళి చేసే మాట కూడా విసిరాడు. ఆయన తొణకకుండా పెట్టెలోంచి ఒక్కో పదార్థం తీసి చూపిస్తుంటే సంఘమే గడువు పెంచుతూ పోయింది. 1922 చట్టంలో సుంకం వచ్చింది.

నాకు ఆయనతో ఒక పేచీ ఉంది. గుంపుల హత్యల మీద, జాతివివక్ష మీద ఆయన గొంతెత్తలేదు. పత్తే వేయాలని షావుకారు పట్టుబట్టే చోట పంట మార్పిడి ఎంతవరకు సాగుతుంది? నేల బాగుపడినంత మాత్రాన అది దున్నేవాడిది కాదు. ఈ లోటు తెలిసే ఆయన్ని గౌరవిస్తున్నాను. అప్పుల్లో ఉన్న మనిషి రేపు పొద్దున ఏం చేయగలడన్నది ఆయన ఆలోచించినంతగా ఆలోచించినవాళ్ళు తక్కువ.

పెళ్ళి చేసుకోలేదు. 47 ఏళ్ళు టస్కీజీలోనే ఉన్నారు. కూడబెట్టిన సుమారు 60 వేల డాలర్లు పరిశోధన సంస్థకే ఇచ్చారు. 1943 జనవరి 5న కన్నుమూశారు. అదే ఏడాది జూలైలో ఆయన పుట్టిన డైమండ్ పొలాన్ని జాతీయ స్మారకంగా ప్రకటించారు. ఆ దేశంలో ఒక నల్లజాతి మనిషికి దక్కిన మొదటి జాతీయ స్మారకం అది. తల్లి మేరీని దొంగలు ఎత్తుకుపోయింది కూడా ఆ పొలం నుంచే.