రెండు కన్నుల మర్మమెరిగిన వీట్‌స్టన్

మదనపల్లెలో గాని, పుంగనూరులో గాని, కుప్పములో గాని ఇంటర్మీడియెటున భౌతికశాస్త్రము చదివిన ఏ విద్యార్థి నడిగినను వీట్‌స్టన్ పేరు చెప్పగలడు. నాలుగు నిరోధములను కూర్చి, నడుమ గాల్వనామీటరు నుంచి, ముల్లు కదలక నిలుచు తావును వెదకుట ప్రయోగశాలలో పరిపాటి. దానిని వీట్‌స్టన్ బ్రిడ్జి యందురు. చిత్రమేమనగా, ఆ యమరిక యాతడు కనిపెట్టినది కాదు. 1833లో శామ్యూల్ హంటర్ క్రిస్టీ యనునాతడు దానిని వర్ణించెను. పదేండ్ల పిమ్మట వీట్‌స్టన్ దాని యుపయోగమును లోకమునకు చూపుచు, అది క్రిస్టీదే యని దాపరికము లేక చెప్పెను. అయినను పేరు ఈతనికే అంటుకొన్నది. ఈతడు నిజముగా కనుగొన్న విషయము వేరొకటి కలదు. లోకము మన కన్నులకు లోతు గలదిగా ఏల తోచుచున్నదో ప్రయోగముతో మొదట నిరూపించినవాడు ఈతడు. ఆ సంగతి ఎరిగిన విద్యార్థులు అరుదు.

చార్లెస్ వీట్‌స్టన్ 1802 ఫిబ్రవరి 6వ తేదీన ఇంగ్లండులో గ్లాస్టరు సమీపమున జన్మించెను. తండ్రి సంగీత వాద్యముల వర్తకుడు. కుమారునికి నాలుగేండ్లప్పుడు కుటుంబము లండను చేరెను. బాలుడు మిక్కిలి సిగ్గరి. వోల్టా విద్యుత్ప్రయోగములను గూర్చిన ఫ్రెంచి గ్రంథ మొకటి అంగడిలో కనబడగా, దాచుకొన్న చిల్లరతో దానిని కొని, అది చదువుటకై మరల కూడబెట్టి నిఘంటువును కొనెనట. సోదరునితో కలసి బాటరీ చేయబూని, రాగిపలకలకు డబ్బు చాలక, చేతనున్న రాగినాణెములనే పలకలుగా వాడెనని చెప్పుదురు. డబ్బును ఇంతకంటె సార్థకముగా వ్యయపరచిన బాలుని గూర్చి నేను వినలేదు.

1821లో ఆతడు లండను ప్రజలకొక వింత చూపెను. కప్పునుండి తీగతో వ్రేలాడు వీణ వంటి వాద్యము, ఎవరును మీటకయే పాడుచుండెను. పైగదిలో వాయించు వాద్యముల నాదము ఆ తీగ వెంట దిగి వచ్చుచుండెను. కాన్సర్టినా యను వాద్యమును నిర్మించినవాడును ఈతడే. 1834లో లండను కింగ్స్ కళాశాలలో ప్రయోగశాస్త్రాచార్యు డయ్యెను గాని, సభలో నోరు విప్పుట ఆతనికి ప్రాణసంకటము. రాయల్ ఇన్‌స్టిట్యూషనులో ఆతని పరిశోధనలను పలుమార్లు మిత్రుడగు ఫారడేయే ఉపన్యసించి వినిపించెను. 1837లో కుక్ అను భాగస్వామితో కలసి తంతివార్తా యంత్రమునకు పేటెంటు పొందెను.

1838 జూన్ 21వ తేదీన రాయల్ సొసైటీలో చూపును గూర్చిన ఆతని వ్యాసము చదువబడెను. రెండు కన్నులలో రెండు వేరు బొమ్మలు పడునన్న మాట యూక్లిడు నాటినుండి ఎరిగినదే. హార్సిలీ కొండ కనబడు తావున నిలిచి, చాచిన చేతి వ్రేలిని కొండకెదురుగా పట్టి, కన్నులను మార్చి మార్చి మూసి చూడుడు. వ్రేలు కొండమీద ఒక చోటినుండి మరియొక చోటికి దుముకును. కన్నుల నడుమ ఎడము ఇంచుమించు ఆరు సెంటీమీటర్లే. ఆపాటి ఎడమే దగ్గరి వస్తువునకు రెండు రూపములు కల్పించును. బొమ్మలు రెండైనచో వస్తువు రెండుగా కనబడవలెను గదా, ఒకటిగా ఎట్లు కనబడుచున్నదని పూర్వులు తర్కించిరి. వీట్‌స్టన్ ప్రశ్ననే త్రిప్పివేసెను. ఆ భేదము చూపునకు చిక్కు కాదనియు, లోతు తెలియుటకు అదియే కారణమనియు చెప్పెను.

చెప్పి ఊరకుండలేదు. ముఖమున కెదురుగా రెండు అద్దములను లంబకోణముగా నిలిపి, కుడిప్రక్క నొకటి, ఎడమప్రక్క నొకటి బొమ్మల నుంచెను. ఒక్కొక్క కంటికి ఒక్కొక్క బొమ్మ. అవి వట్టి గీతలతో వ్రాసిన ఆకృతులు. నీడ లున్నచో లోతు వాని మూలమున వచ్చినదని ఎవరైన శంకింపవచ్చునని ఆతడు వానిని విడిచెను. రెండు కన్నులతో చూడగా కాగితమున లేని ఘనాకృతి యెదుట నిలిచెను. ఆ యంత్రమునకు స్టీరియోస్కోపని పేరిడెను. తెలుగున లోతనగా బావిలోతు, చెరువులోతు. కంటి యెదుట సాగు ఎడమును కూడ లోతనుట శాస్త్రకారులు తెచ్చిన వాడుక. వినగా వినగా ఇంపుగనే యున్నది.

నీరుగట్టువారిపల్లెలో పట్టుమగ్గము ముందు కూర్చున్నవారికి తెగిన పోగు నతుకుటలో ఈ రెండు కన్నుల లెక్క ఎంత అక్కరయో వేరుగ చెప్పనక్కరలేదు. దూరపు కొండ విషయమున మాత్రము ఇది పనికిరాదు. అంత దూరమున రెండు బొమ్మలకు భేదము ఇంచుమించు మిగులదు. దగ్గరి గుట్ట దూరపు గుట్టను కప్పుట, దూరమైనకొలది నీలిచాయ ముసరుట అచ్చట మనకు గురుతులు. కుప్పము దాటి పోవు రైలు కిటికీలోనుండి చూచినచో దగ్గరి చెట్లు వెనుకకు పరుగిడును, దూరపు కొండలు మనతో వచ్చుచున్నట్లుండును. ఒంటికన్ను గలవారికిని ఈ గురుతులు దక్కును.

1852లో వీట్‌స్టన్ ఇంకొక యంత్రమును వర్ణించెను. కుడికంటి చూపును ఎడమకంటికి, ఎడమకంటిది కుడికంటికి మార్చునది. దానిలో చూడగా టీకప్పు లోపలి పల్లము ఉబ్బుగా తోచును!

ఇంతలో ఆతనికి సంకటము వచ్చెను. డేవిడ్ బ్రూస్టరను పండితుడు 1849లో అద్దములకు బదులు కటకములతో చిన్న స్టీరియోస్కోపు చేసెను. 1851లో లండను మహాప్రదర్శనములో విక్టోరియా రాణి అట్టి దానిని చూచి మెచ్చగా, అది ఇంటింటి వేడుక వస్తువయ్యెను. బ్రూస్టరు అంతటితో నిలువక, మూలభావము కూడ వీట్‌స్టనుది కాదని వాదించెను. 1856లో టైమ్స్ పత్రికలో ఇరువురును లేఖలతో పోరాడిరి. బ్రూస్టరు కటకముల నేర్పును కాదనలేము. కాని ఆతని వాదము నిలువలేదు.

నేటి త్రీడీ చలనచిత్రమునకు మూలము ఆ 1838 నాటి యంత్రమే. రెండు కటకములతో తీసిన రెండు బొమ్మలను తెరపై వేసి, కళ్లజోడుతో ఏ కంటి బొమ్మను ఆ కంటికే పంపుదురు. 1984లో మలయాళమున వచ్చిన మై డియర్ కుట్టిచ్చాత్తన్, తెలుగున చిన్నారి చేతనయై వచ్చి, మన పిల్లలచేత గాలిలోనికి చేతులు చాపించెను. కన్నుల కటకములు తెరమీద నిలిచియుండగా చూపులు తెరకు ఇవతల కలియవలసి వచ్చుటచే కొందరికి తలనొప్పి కలుగును. ప్రేక్షకునిపై వస్తువులు విసరుటకే దీనిని వాడుట నాకు చౌకబారుగా తోచును. అయినను వట్టి ఆటబొమ్మ యని త్రోసివేయరాదు. బాల్యమునుండి రెండు కన్నులను కలిపి చూడలేని బ్రూస్ బ్రిడ్జిమన్ అను అమెరికా ఆచార్యుడు 2012లో, అరువదేడేండ్ల వయస్సున, హ్యూగో యను త్రీడీ చిత్రము చూచెను. వెలికి వచ్చిన పిదప వీథిదీపపు స్తంభము వెనుకటి దృశ్యమునుండి విడివడి నిలిచినట్లు తనకు తొలిసారి కనబడెనని ఆతడు తెలిపెను.

వీట్‌స్టన్ 1854లో ఒక రహస్యలిపి పద్ధతిని కల్పించెను. దానిని ప్రభుత్వము ముందు పెట్టి ప్రచారము చేసిన మిత్రుడు ప్లేఫెయిర్ పేరనే అది నేటికిని చెల్లుచున్నది. బ్రిడ్జి ఋణము ఈ విధముగా తీరెనేమో! 1868లో ఆతనికి సర్ బిరుదము వచ్చెను. 1875లో పారిస్ నగరమునకు పోయినప్పుడు శ్వాసకోశవ్యాధి సోకి, అక్టోబరు 19వ తేదీన అచ్చటనే కన్ను మూసెను. ఫ్రెంచి అకాడమీ ప్రతినిధులు ప్రార్థనకు వచ్చిరి. దేహమును లండనునకు తెచ్చి కెన్సల్ గ్రీన్ శ్మశానమున ఖననము చేసిరి.