స్తెఫనీ తాతాన్: ఆపిల్ టార్ట్ వెనకున్న వంటమనిషి

వేట సీజన్ మొదలైన ఆదివారం. ఫ్రాన్స్‌లోని ఒక చిన్న ఊరి హోటల్లో భోజనాల గది కిక్కిరిసి ఉంది. వంటగదిలో ఉన్న స్తెఫనీ తాతాన్ హడావిడిలో ఆపిల్ టార్ట్‌కు అడుగున పరవాల్సిన పిండిపొర సంగతి మరిచిపోయారు. ఉత్త ఆపిల్ ముక్కలు, వెన్న, పంచదార గిన్నెలో వేసి పొయ్యి మీద పెట్టేశారు. మాడు వాసన రాగానే విషయం అర్థమై, ఆ ముక్కల మీదే పిండిపొర కప్పి కాల్చారు. తర్వాత పళ్లెంలోకి బోర్లించి వడ్డించారు. తిన్నవాళ్లు లొట్టలు వేశారు. అలా టార్ట్ తాతాన్ పుట్టింది.

ప్రపంచమంతా చెప్పుకునే కథ ఇది. కొందరు చెప్పేటప్పుడు పిండి మరిచిపోవడానికి బదులు టార్ట్ చేయి జారి కింద పడుతుంది. జరిగిన సంవత్సరం కూడా చెప్పేవాళ్లను బట్టి మారుతుంది. ఎవరు ఎలా చెప్పినా మారనిది ఒక్కటే. ఆ వంటకం ఒక పొరపాటు. కానీ స్తెఫనీ జీవితాన్ని, ఆమె ఊరిని, ఆ వంటకం తయారయ్యే తీరును పక్కపక్కన పెట్టి చూస్తే ఈ కథ నిలబడటం కష్టం.

చిత్తడి నేలల ఊరు

స్తెఫనీ 1838లో పుట్టారు. చెల్లెలు కరోలిన్ ఆమె కంటే తొమ్మిదేళ్లు చిన్న. వారి ఊరు లామోత్-బ్యూవ్రాన్ పారిస్‌కు దక్షిణంగా సుమారు 160 కిలోమీటర్ల దూరంలో, సోలోన్ అనే ప్రాంతంలో ఉంది. అప్పట్లో సోలోన్ అంటే చెరువులు, చిత్తడి నేలలు, మలేరియా జ్వరాలు, పేదరికం. పంట సరిగా పండని ఇసుక నేలలు.

ఆ ప్రాంతం తలరాత మార్చినవాటిలో మొదటిది రైలు. ఓర్లియాన్స్ నుంచి వియెర్జోన్ వెళ్లే రైలు మార్గం 1847లో మొదలైంది. కరోలిన్ పుట్టింది కూడా అదే ఏడాది. 1852లో మూడో నెపోలియన్ ఈ ఊళ్లోనే పెద్ద ఎస్టేటు కొన్నారు. ఆ కాలంలోనే చిత్తడి నేలల్లో నీళ్లు తీయించడం, పైన్ చెట్లు నాటించడం ఊపందుకున్నాయి. కొన్ని దశాబ్దాల్లో సోలోన్ అడవులతో, అడవి పందులు, జింకలు, నీటి పక్షులతో పారిస్ ధనవంతుల వేటస్థలంగా మారింది.

వేటగాళ్లు రైలు దిగగానే వారికి కావాల్సింది భోజనం, పడక. స్టేషన్‌కు ఎదురుగా ఉన్న హోటల్ తాతాన్ ఆ అవసరం తీర్చింది. అక్కాచెల్లెళ్లు హోటల్ పనిని రెండుగా పంచుకున్నారు. వచ్చినవాళ్లను పలకరించడం, గదులు, లెక్కలు కరోలిన్ చూసుకునేవారు. వంటగది పూర్తిగా స్తెఫనీది. ఊరివాళ్లు వారిద్దరినీ డెమోజెల్ తాతాన్ అని పిలిచేవారు. పెళ్లికాని స్త్రీలను గౌరవంగా పిలిచే మాట అది. భర్తల అండ లేకుండా ఇద్దరు స్త్రీలు సొంతంగా వ్యాపారం నడపడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు.

కింద నిప్పు, పైన నిప్పు

పళ్లను అడుగున, పిండిని పైన పెట్టి కాల్చి తిరగేసే వంటకాలు ఆ ప్రాంతంలో స్తెఫనీ కంటే ముందునుంచే ఉన్నాయి. అంటే ఆమె ఈ పద్ధతిని కనిపెట్టలేదు. చాలామంది చేసే వంటను ఎవరూ చేయనంత బాగా చేశారు.

ఆ కాలపు పద్ధతిలో మందపాటి రాగి గిన్నెను పొయ్యి మీద పెట్టి, మూత మీద కూడా నిప్పులు పోసేవారు. కింది వేడికి ఆపిల్ ముక్కలు పాకంలో ఉడుకుతాయి. పై వేడికి పిండిపొర కాలుతుంది. మన ఇళ్లలో ఒకప్పుడు దిబ్బరొట్టెను మూకుడులో వేసి, మూత మీద నిప్పులు పెట్టి కాల్చిన పద్ధతి కూడా ఇదే. అడుగు ఎర్రగా కాలాలి, మాడకూడదు. మూత తీసి చూస్తే వేడి పోతుంది. వాసనను బట్టి, చప్పుడును బట్టి అంచనా వేయాల్సిందే. థర్మామీటర్ లేని వంటగదిలో వారం వారం అదే రుచి తేవడం ఏళ్ల తరబడి చేయి తిరిగినవారికే సాధ్యం.

ఇంట్లో చేస్తే తెలిసేది

స్తెఫనీ పనితనం అర్థం కావాలంటే ఈ టార్ట్‌ను ఒకసారి ఇంట్లో చేసి చూడటమే మంచి మార్గం. కావాల్సినవి చాలా తక్కువ. 24 సెంటీమీటర్ల పెనానికి కిలోన్నర ఆపిల్స్, 150 గ్రాముల పంచదార, 100 గ్రాముల వెన్న సరిపోతాయి. పిండిపొర కోసం 200 గ్రాముల మైదా, 100 గ్రాముల చల్లని వెన్న, చిటికెడు ఉప్పు, ముద్ద కావడానికి కొద్దిగా చల్లని నీళ్లు చాలు. పెనం మందంగా ఉండాలి, ప్లాస్టిక్ పిడి ఉండకూడదు. అదే పెనం తర్వాత ఓవెన్‌లోకి వెళ్లాలి.

మొదటి పరీక్ష ఆపిల్ ఎంపిక. ఫ్రాన్స్‌లో రెన్ దె రెనెట్ లాంటి పుల్లని, గట్టి రకాలు వాడతారు. మన మార్కెట్‌లో ఎక్కువగా దొరికే ఎర్రని డెలీషియస్ రకాలు తినడానికి బాగుంటాయి కానీ ఉడికితే మెత్తగా చితికిపోతాయి. పులుపు కూడా తక్కువ. పచ్చని గ్రానీ స్మిత్ గానీ, హిమాచల్‌లో పండే గోల్డెన్ డెలీషియస్ గానీ దీనికి నయం. రెండోది వాడితే కొంచెం నిమ్మరసం పిండాలి.

చెక్కు, గింజలు తీసి ఒక్కో పండును నాలుగు ముక్కలు చేయాలి. పెనంలో వెన్న, పంచదార వేసి, వాటి మీద ముక్కలను సందు లేకుండా నిలువుగా పేర్చాలి. ఉడికేకొద్దీ ముక్కలు కుంచించుకుపోతాయి కాబట్టి మొదట్లో బాగా ఇరుకుగా ఉండటమే సరైనది. మధ్యస్థమైన మంట మీద 20 నుంచి 30 నిమిషాలు ఉంచాలి. ముందు ఆపిల్స్ నీరు వదులుతాయి, పాకం పల్చబడుతుంది. ఆ నీరు ఆవిరైపోయాక గానీ పంచదార రంగు తిరగదు. తేనె రంగు దాటి ముదురు గోధుమ రంగుకు వచ్చినప్పుడు దించాలి. ఒక్క నిమిషం ఆలస్యమైతే చేదు. ముందే దించితే ఉత్త తీపి, రుచి ఉండదు.

తర్వాత చపాతీలా ఒత్తిన చల్లని పిండిపొరను ముక్కల మీద కప్పి, అంచులను లోపలికి మడవాలి. ఆవిరి పోవడానికి రెండు గాట్లు పెట్టి, 200 డిగ్రీల ఓవెన్‌లో అరగంట కాల్చాలి. బయటికి తీశాక పది, పదిహేను నిమిషాలు ఆగాలి. వేడివేడిగా బోర్లిస్తే పాకం చేతుల మీద కారుతుంది. పూర్తిగా చల్లారనిస్తే ముక్కలు పెనానికి అతుక్కుపోతాయి. పళ్లెం మూతపెట్టి, గుడ్డతో రెండూ గట్టిగా పట్టుకుని, ఒక్క ఊపులో తిప్పేయాలి.

ఇంత చేశాక పాత కథ మీద అనుమానం రాక మానదు. మామూలు ఆపిల్ టార్ట్ చేయబోయిన మనిషి పిండి మరిచిపోయినంత మాత్రాన గిన్నె అడుగున అంత వెన్న, పంచదార ఉండాల్సిన పని లేదు. పిండిపొర కింద ఉండే టార్ట్ చేయి జారి బోర్లా పడితే మిగిలేది ముక్కలు చెక్కలే. ఒకవేళ ఏదో ఒక ఆదివారం పొరపాటు జరిగిందనుకున్నా, ఆ తర్వాత చేసినవన్నీ పొరపాట్లు కాలేవు.

పేరు తెచ్చింది ఇతరులు

స్తెఫనీ పుస్తకం రాయలేదు. తన వంటకానికి తన పేరు పెట్టుకోలేదు. 20వ శతాబ్దం మొదటి దశాబ్దంలో అక్కాచెల్లెళ్లు హోటల్ పని నుంచి తప్పుకున్నారు. 1911లో కరోలిన్, 1917లో మొదటి ప్రపంచ యుద్ధం సాగుతుండగా స్తెఫనీ కన్నుమూశారు.

ఆ తర్వాత తొమ్మిదేళ్లకు, 1926లో కుర్నోన్‌స్కీ అనే కలంపేరుతో ప్రసిద్ధుడైన ఆహార రచయిత ఫ్రాన్స్ ప్రాంతీయ వంటల మీద రాస్తూ ఈ టార్ట్‌కు తాతాన్ సోదరీమణుల పేరుతో ప్రచారం కల్పించారు. కార్లలో ఊళ్లు తిరిగి తినే కొత్త తరానికి స్థానిక వంటలూ వాటి వెనక ముచ్చటైన కథలూ కావాల్సిన కాలమది.

పారిస్‌లోని ప్రఖ్యాత రెస్టారెంట్ మాక్సిమ్స్ మెనూలోకి కూడా ఈ టార్ట్ చేరింది. యజమాని లూయీ వోదాబ్ల్ యువకుడిగా సోలోన్‌లో వేటకు వెళ్లినప్పుడు దీన్ని రుచి చూశారని, రహస్యం తెలుసుకోవడానికి తోటమాలిగా ఆ హోటల్లో చేరారని మరో కథ పుట్టింది. ఆయన పుట్టింది 1902లో. అక్కాచెల్లెళ్లు వంటగది వదిలేనాటికి ఆయన చిన్నపిల్లాడు.

ఈ రెండు కథల్లోనూ ఒక పోలిక ఉంది. ఒకదాంట్లో స్తెఫనీకి అదృష్టం కలిసొస్తుంది. రెండోదాంట్లో తెలివంతా పారిస్ పెద్దమనిషిది. రెండింట్లోనూ దశాబ్దాల పాటు పొయ్యి ముందు నిలబడిన మనిషి మాత్రం కనబడరు. కరేమ్, ఎస్కోఫియే లాంటి పురుష వంటవాళ్లు పుస్తకాలు రాశారు, రాజుల, ధనవంతుల కొలువుల్లో పేరు తెచ్చుకున్నారు. వారి వంటకాలను ప్రతిభ ఖాతాలో రాసిన చరిత్ర, రైల్వే స్టేషన్ ఎదుట హోటల్ నడిపిన స్త్రీ వంటకాన్ని మతిమరుపు ఖాతాలో వేసింది.

లామోత్-బ్యూవ్రాన్ స్టేషన్ ఎదుట ఆ హోటల్ నేటికీ ఉంది. నీలం పలకలు అతికించిన స్తెఫనీ పొయ్యిని అక్కడ చూపిస్తారు. అది చూడటానికి వెళ్లినవాళ్లు మతిమరుపు కథ విని, టార్ట్ తిని వస్తారు. కథ ఎలా ఉన్నా, ముక్కలు చెదరకుండా, పాకం మాడకుండా ఆ టార్ట్‌ను పళ్లెంలోకి దించాలంటే నేటికీ స్తెఫనీకి ఉన్నంత ఓపిక, ఆమె చేతికున్నంత అలవాటు కావాల్సిందే.